డిగ్లీపూర్ సభలో మా వాళ్ళు ఊరుకున్న పూట

డిగ్లీపూర్ వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది గుడ్లు పెట్టే తాబేళ్ళను చూడ్డానికో, ఆటుపోట్లను బట్టి తేలుతూ మునుగుతూ ఉండే ఇసుక దారి మీద ఒక దీవి నుంచి ఇంకో దీవికి నడవడానికో వెళ్తారు. నేను వెళ్ళింది ఒక మీటింగుకి. మా మేనత్త నరసమ్మ ఫోన్ చేసి, "ఒసే కోడలా, మా ఖాడీ కాడ కంపెనీవోడు ఏదో కడతాడంటనే. ముందు మమ్మల్ని అడగతారంట. కాయితం అంటించినారు. అది మాకేటి తెలుస్తాది? నీకు సదువొచ్చు గదా, రాయే" అంది. ఖాడీ అంటే సముద్రపు నీళ్ళు మడ చెట్ల మధ్యకు చొచ్చుకొచ్చే పాయ. ఈ దీవుల్లో తెలుగువాళ్ళు కూడా దాన్ని ఖాడీ అనే అంటారు. ఇక నా చదువు సంగతి. పదో తరగతితో ఆగిపోయాను, అదీ హిందీలో. ఈ తెలుగు అక్షరాలు ఏ బడీ నేర్పలేదు. ఐస్ ప్లాంటు షెడ్డులో చేపలు ప్యాకింగ్ చేస్తూ, వైజాగ్ ఓడలో వచ్చే సామాన్లకు చుట్టిన పాత పేపర్లు కూడబలుక్కుని నేర్చుకున్నాను. కాబట్టి ఇందులో తప్పులుంటే మీరే దిద్దుకోండి, నాకు చెప్పొద్దు.

అత్త ఉండే చోటు ఏరియల్ బే దాటాక వస్తుంది. అందరూ మచ్ఛీ బస్తీ అంటారు, అంటే చేపలవాళ్ళ పేట. శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని, ఖాడీ పక్కన రేకుల ఇళ్ళు వేసుకుని మూడు తరాలుగా ఉన్నాయి. ఖాడీ సముద్రంలో కలిసే నోటి దగ్గర చిన్న ఇసుక మేట ఉంటుంది. బస్తీ పడవలన్నీ అక్కడికే లాగుతారు. అత్త కవళ్ళు, నెత్తళ్ళు ఎండబెట్టేది కూడా ఆ ఇసుక మీదే. మామయ్య వేటకెళ్ళి తిరిగి రాకపోయినప్పటి నుంచి ఆ ఎండు చేపలే ఆమెకు తిండి పెడుతున్నాయి. కంపెనీ అక్కడ రిసార్టు, దానికో జెట్టీ కడతానంటోంది. కడితే పడవలకు దారి పోతుంది, ఇసుక మేట కంచె లోపలికి పోతుంది. అనుమతి ఇచ్చే ముందు అక్కడి జనాన్ని సభ పెట్టి అడగాలని చట్టం. జన్‌సునవాయీ అంటారు, అంటే ప్రజాభిప్రాయ సేకరణ. అత్త నన్ను రమ్మంది అందుకే. నేను ఆశపడింది కూడా అందుకే.

ముందు ఓడలో పోదామని షెడ్డులో సెలవు అడిగి, మా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్న ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళాను. డిగ్లీపూర్ వైపు ఓడలో వెళ్తే ఒళ్ళు నొప్పులుండవు, ఖర్చు కూడా బస్సు కంటే తక్కువే పడుతుంది, కాకపోతే అది ఎప్పుడు నడుస్తుందో దేవుడికి తెలియాలి. టికెట్ల క్యూ గేటు దాకా ఉంది. చాలాసేపు నిలబడి కౌంటరు దగ్గరికి చేరేసరికి లోపలి మనిషి తల కూడా ఎత్తలేదు.

"డిగ్లీపూర్ షిప్ రిపేర్లో ఉంది. అగలే హఫ్తే."

"వచ్చే వారమా? నా మీటింగు ఎల్లుండి భయ్యా."

"అయితే ఏం చేయమంటావు దీదీ, మీటింగుని ఆగమని చెప్పనా?"

నా వెనకాల మూట మోస్తున్న పోర్టరు, మన తెలుగాయనే, పకపకా నవ్వి, "బస్సెక్కిపో తల్లీ. ఈదుకుంటూ పోతే ఇంకా లేటవుద్ది" అన్నాడు. అప్పుడు నాకు నవ్వు రాలేదు. జనం అభిప్రాయం కావాలంటారు, ఆ జనం అక్కడికి చేరే దారి మాత్రం ఎవరికీ పట్టదు.

పోర్ట్ బ్లెయిర్ బస్టాండు నుంచి డిగ్లీపూర్ సర్కారు బస్సు తెల్లవారుజామున నాలుగింటికి కదులుతుంది. టికెట్టు ముందురోజే కొనుక్కోవాలి, పొద్దున్నే వెళ్తే సీటు దొరకదు. నేనుండే ప్రోతరాపూర్ నుంచి ఆ వేళకు సిటీ బస్సు ఉండదు. పక్కింటి ఆటో అతన్ని బతిమాలుకుని వెళ్ళాను. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్ళన్నీ ఆగుతాయి. అక్కడి నుంచి జారవా వాళ్ళ అడవి, మా అందరికంటే ముందు నుంచి ఈ దీవుల్లో ఉన్న తెగ వాళ్ళది. పోలీసుల బండి ముందు నడుస్తుంటే మిగిలిన బళ్ళు వరుసగా వెనకాల పోవాలి. మధ్యలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, ఎవరు కనిపించినా చెయ్యి ఊపకూడదు. చెక్‌పోస్టు దగ్గర టీ, పూరీ దొరుకుతాయి. బాత్రూం పని అక్కడే ముగించుకోండి, తర్వాత చాలాసేపటి దాకా దొరకదు.

డ్రైవరు నడివయసు బెంగాలీ, పేరు అడగలేదు. నేను ముందు సీట్లోనే ఉన్నాను. "ఫోన్ లోపల పెట్టు బేటీ, పట్టుకుంటే నాకు కూడా ఫైన్" అన్నాడు హిందీలో. అడవిలోకి వెళ్ళాక రోడ్డు పక్కన చెట్లు ఎంత ఎత్తుగా ఉన్నాయంటే లోపల ఇంకా తెల్లవారనట్టే ఉంది. ఈ రోడ్డు ఎప్పటి నుంచి ఉందని అడిగాను. "నేను పుట్టక ముందు నుంచి" అన్నాడు.

"వేసేటప్పుడు అడవిలోవాళ్ళని అడిగారా?"

ఆయన అద్దంలోంచి నన్ను ఒకసారి చూశాడు. "మా నాన్నని అడిగారా ఇక్కడికి తెచ్చేటప్పుడు? అడిగే అలవాటు ఎవరికుంది బేటీ?"

స్వాతంత్ర్యం వచ్చాక ఈ దీవులను జనంతో నింపుతున్న రోజుల్లో మా తాత ఓడెక్కి వచ్చాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయనా ఇక్కడ ముందు నుంచి ఉన్నవాళ్ళను ఏమీ అడగలేదు, చెట్టు కొట్టాడు, పాక వేశాడు. ఆ మాట దాచి నేను ఒక్క కంపెనీనే తిట్టుకుంటూ కూర్చుంటే అది నిజం కాదు.

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బస్సు దిగి, పాయ దాటించే పంటు మీద నిలబడాలి. బస్సు కూడా అదే పంటు మీదికి ఎక్కి పక్కన నిలబడుతుంది. అవతల బారాటాంగ్. టూరిస్టులు సున్నపు గుహల కోసం అక్కడే దిగిపోతారు కాబట్టి దాని తర్వాత రోడ్డు మీద బళ్ళు తగ్గుతాయి, గుంతలు పెరుగుతాయి. నడుము నొప్పి ఉన్నవాళ్ళు వెనక సీట్లు తీసుకోవద్దు.

మధ్యాహ్నం రంగత్‌లో భోజనానికి ఆపారు. రోడ్డు పక్కన బల్లలు వేసిన హోటలు, అన్నం, పప్పు, చేప ముక్క. ఓ రాంచీ దీదీ వండుతోంది. ఈ దీవుల్లో అడవి కొట్టే పనికి వచ్చిన జార్ఖండ్‌వాళ్ళ పిల్లలందరినీ రాంచీవాళ్ళనే అంటారు. ఆమెకు దాంతో పేచీ లేదు, చేపలో కారం తగ్గిందంటే మాత్రం పేచీ. ఎక్కడికని అడిగింది. జన్‌సునవాయీ అని చెప్పాను. గరిట పట్టుకునే నవ్వింది.

"మా చెల్లెలి ఊళ్ళో కూడా పెట్టారు, రాళ్ళ క్వారీకి. నేనూ వెళ్ళాను."

"ఏం జరిగింది?"

"సమోసా ఇచ్చారు. బాగుంది."

"అది కాదు దీదీ, క్వారీ?"

"క్వారీ వచ్చింది. సమోసా మళ్ళీ రాలేదు." ఇంకో గరిటె పప్పు వేసి, "తిను, అక్కడ అరవాలంటే బలం కావాలి" అంది.

మాయాబందర్ దాటి డిగ్లీపూర్‌లో దిగేసరికి ఎండ పసుపు రంగుకు తిరిగింది. అక్కడి నుంచి ఏరియల్ బేకు షేర్ జీపులుంటాయి. నిండితే కాని కదలవు, చీకటి పడ్డాక అసలు దొరకవు. అత్త రోడ్డు మీదే నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, చేతులకు పొలుసులు అంటుకుని, పట్టుకుంటే జారిపోయే మనిషిలా. "ఓలమ్మ, ఎంత సిక్కిపోనావే. ఐసులో ఏసీసినారేటి నిన్ను కూడా?" అంటూ నా సంచి లాక్కుంది.

ఆ సాయంత్రమే ఇసుక మేట మీద బస్తీ కూర్చుంది. నాకు తెలియంది అక్కడ చూశాను. మీరు ఇలాంటి సభకు వెళ్ళబోతుంటే ఇది జాగ్రత్తగా చదవండి. మా వాళ్ళలో ఏ కష్టమొచ్చినా ఊరంతా పెద్ద చుట్టూ చేరి, ఎవరి మాట వాళ్ళు ఆయనకు అప్పజెప్తారు. బయటికి ఆయన ఒక్కడే మాట్లాడతాడు. ఆయన ముగించి "ఎవురికైనా ఏరే మాట ఉందా?" అని అడుగుతాడు. ఎవరూ నోరు తెరవకపోతే అది ఊరి మాట అయినట్టు. కాదనేవాడే మాట్లాడతాడు, ఔననేవాళ్ళు ఊరుకుంటారు. ఎంత నిశ్శబ్దంగా ఉంటే అంత గట్టిగా అందరూ ఆయన వెనక ఉన్నట్టు.

బస్తీ పెద్ద ఎర్రయ్య తాత. జుట్టంతా తెల్లబడినా పడవ తోసేటప్పుడు కుర్రాళ్ళ కంటే ముందు భుజం పెట్టే మనిషి. ఇసుకలో మఠం వేసుకుని అందరి మాటా విన్నాడు. జెట్టీకి తవ్వితే మడ చెట్లు పోతాయని, రొయ్య పిల్ల పెరిగేది వాటి వేళ్ళలోనేనని ఒకాయన. తుపాను వస్తే పడవలు దాచుకునేది ఖాడీ లోపలేనని, అది మూస్తే బయట గట్టుకేసి కొడుతుందని ఇంకొకాయన. మా అత్త వెనక వరసలోంచి గొంతెత్తింది.

"నా మాట కూడా సెప్పు పెద్దా. ఈ ఇసక ఉప్పు తాగీసిన ఇసక. దీని మీద ఎండిన సేప పురుగు పట్టదు. రోడ్డు మీద ఎండబెడితే దుమ్ము తినాల. ఎవుడు కొంటాడు? నాను, నాలాంటోళ్ళు ఏటి తిని బతకాల?"

"సెప్తానమ్మా. అన్నీ సెప్తాను."

నేను ఉండబట్టలేక, "తాతా, అక్కడ మైకు ఎవరికైనా ఇస్తారట. ఒక్కొక్కరూ లేచి మాట్లాడితే మంచిది కాదా?" అన్నాను.

ఎర్రయ్య తాత కోప్పడలేదు. "పది నోళ్ళు లెగిత్తే గోల అంతారమ్మా. గొడవోళ్ళు వచ్చీసినారు అని పోలీసుని పిలుస్తారు. ఒగటే మాట, అందరూ దాని ఎనక. అప్పుడు భయపడతారు." అందరూ తలలు ఊపారు. అది విని నాక్కూడా ఛాతీ పొంగింది. నిజం చెప్తున్నాను, ఆ పూట నాకూ అది గొప్ప ఏర్పాటులాగే అనిపించింది.

సభ మర్నాడు డిగ్లీపూర్ ఊళ్ళో, ఒక హాల్లో. ఖాడీ దగ్గర పెడితే అందరూ నడిచి వచ్చేవాళ్ళు, పెట్టలేదు. పొద్దున ఎవరూ వేటకెళ్ళలేదు. రెండు జీపుల నిండా కూర్చుని, కొందరు వేలాడుతూ, పదింటికి ముందే చేరాం. ముందు వరస కుర్చీల మీద కాగితాలు అంటించి ఉన్నాయి, అవి పెద్దవాళ్ళకట. మేం వెనక్కి పోయాం. కంపెనీ మనిషి గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. నీలం నీళ్ళు, తెల్లటి గొడుగులు, వాటి కింద నవ్వుతున్న ఆడా మగా. ఆ ఇసుక మాదే. దాని మీద ఒక్క పడవ లేదు, ఒక్క చేప లేదు, మా అత్త అసలే లేదు. అక్షరాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. వివరణ హిందీలో ఇచ్చాడు, అదీ ఆఫీసు హిందీ, నాకే సగం అర్థం కాలేదు.

తర్వాత మైకు తిప్పారు. బజారు దుకాణాలవాళ్ళు, జీపులవాళ్ళు, గదులు అద్దెకిచ్చేవాళ్ళు ఒక్కొక్కరే లేచి పేరు చెప్పి, ఊరు చెప్పి, "రిసార్టు రావాలి, టూరిస్టులు వస్తారు, పని దొరుకుతుంది" అని కూర్చున్నారు. ఒకడు చెప్పిందే ఇంకొకడు. అదే వాక్యం, అదే చివరి మాట. మా వాళ్ళు ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. "ఈళ్ళకి పెద్ద లేడేటి, సెప్పిందే సెప్తన్నారు" అని గొణిగాడు మా పక్క కుర్రాడు. ముందు బల్ల దగ్గర గుమాస్తా మాత్రం ప్రతి పేరూ రాసుకుంటున్నాడు.

ఎర్రయ్య తాత లేచాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. మా వాళ్ళ పద్ధతిలో ముందు మర్యాద, తర్వాత సంగతి. సాబ్‌లకు దండం పెట్టాడు. ఎండలో ఇంత దూరం వచ్చినందుకు సంతోషం అన్నాడు. సర్కారు రోడ్డు వేసిందని, కరెంటు ఇచ్చిందని, సునామీ వచ్చినప్పుడు బియ్యం ఇచ్చిందని, అవి మరిచిపోయే మనుషులం కాదని చెప్పాడు. వచ్చీరాని హిందీలో, మధ్యమధ్య తెలుగులో, నెమ్మదిగా. ఇంకా సంగతిలోకి దిగలేదు, టేబుల్ మీది గంట టింగుమంది.

"బాబా, అసలు విషయం చెప్పండి. ఇంకా చాలామంది ఉన్నారు" అన్నాడు మధ్యలో కూర్చున్న ఆఫీసరు, మర్యాదగానే.

తాత తడబడ్డాడు. "ఖాడీ మూసేత్తే మా పడవలకి దారి లేదు సాబ్. మాకొద్దు." మళ్ళీ గంట. మైకు పట్టుకున్నతను చెయ్యి చాచాడు. మడ చెట్లు, తుపాను, అత్త ఇసుక, అన్నీ తాత నోట్లోనే ఉండిపోయాయి.

ఆఫీసరు హాలంతా కలయజూసి అడిగాడు. "ఇంకెవరైనా ఉన్నారా? అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి." మా వరసల వైపే చూసి ఇంకోసారి అడిగాడు.

బస్తీ మొత్తం రాయిలా కూర్చుంది. ఒక్కరు దగ్గలేదు. పెద్ద మాట్లాడేశాడు, ఇప్పుడు ఊరుకోవాలి. గట్టిగా ఊరుకోవాలి. తాత కూడా వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. ఆ ముఖంలో గర్వం కనిపించింది. చూశావా సాబ్, నా వెనక ఊరు ఎలా ఉందో, అన్నట్టుంది ఆయన చూపు. అత్తను మోచేత్తో పొడిచాను.

"అత్తా, లే. నీ ఇసక గురించి చెప్పు."

"పెద్ద సెప్పీసినాడు గదే."

"చెప్పలేదు, గంట కొట్టేశారు. లే!"

"ఆయన మాటాడినంక నాను లెగిత్తే ఆయన మాట సాలలేదని అయిపోద్ది. ఊరుకోయే, మనోళ్ళు సూత్తన్నారు."

అత్త లేవలేదు. నేనే లేచాను. ఆఫీసరు పేరడిగాడు, చెప్పాను. ఊరడిగాడు. ప్రోతరాపూర్ అని నోరు జారింది. అబద్ధం చెప్పడం ఆ క్షణంలో తట్టలేదు. "ఈ సభ ఇక్కడివాళ్ళ కోసం. మీ మీద ప్రభావం లేదు, కూర్చోండి." ముందు వరసలోంచి ఎవడో, "పోర్ట్ బ్లెయిర్ నుంచి లీడరమ్మను తెప్పించుకున్నారు" అన్నాడు. నవ్వులు. అత్త నా చున్నీ పట్టి కిందికి లాగింది. నేను అరిచాను, ఏమరిచానో గుర్తులేదు. మైకు లేని గొంతు ఆ హాల్లో ఎంత దూరం పోతుంది?

చివర్లో జరిగిందంతా హిందీలో చదివి వినిపించారు. పలువురు స్థానికులు ప్రాజెక్టుకు మద్దతు తెలిపారు. ఒక వ్యక్తి సర్కారు పనులను మెచ్చుకుంటూ పడవల దారి గురించి తన ఇబ్బంది చెప్పారు. రెండుసార్లు అడిగినా హాజరైన మిగతావారు అభ్యంతరం తెలపలేదు. నేను ఒక్కో ముక్కా తెలుగులో చెప్తుంటే మా వరసలు మెల్లగా లేచి నిలబడ్డాయి.

"ఒగడు కాదు సాబ్!" ఎర్రయ్య తాత గొంతు చీలింది. "నా ఎనక ఊరుంది. కనిపించలేదేటి?"

"మరి మాట్లాడలేదేం బాబా? నేను రెండుసార్లు అడిగాను."

"మాలో ఊరుకుంటే నా మాటకి ఒప్పుకున్నట్టు!"

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మాలో కూడా అంతే. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. అభ్యంతరం లేనట్టు." వెటకారంగా అనలేదు. అదే నాకు ఎక్కువ మండింది. ఆయన లెక్క ప్రకారం ఆయన అడిగాడు. మా లెక్క ప్రకారం మేం చెప్పాం. ఆ ఊరుకోవడాన్ని రెండు వైపులా వాడుకోవచ్చు, కానీ రాసుకునే కలం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే చెల్లుతుంది. అప్పుడు మా వాళ్ళందరూ ఒకేసారి అరిచారు, ఆడవాళ్ళతో సహా. సభ ముగిసింది, చెప్పాల్సింది రాసి పంపుకోండి అన్నారు. కుర్రాడొకడు మైకు వైరు చుట్టేస్తున్నాడు. తలుపు దగ్గర బిస్కెట్ పొట్లాలు పంచారు. మా వాళ్ళు తీసుకోలేదు. చిన్నపిల్లలు తీసుకున్నారు, పిల్లలు కదా.

బస్తీకి తిరిగొచ్చేసరికి నీళ్ళు వెనక్కి పోయి ఉన్నాయి. మడ చెట్ల వేళ్ళు బయటపడి ఖాడీ అంతా బురద వాసన వేస్తోంది. అత్త పొద్దున పరిచిన కవళ్ళను తిరగేస్తోంది. ఎర్రయ్య తాత పడవ అంచు మీద కూర్చున్నాడు. అక్కడి నుంచే అడిగాడు.

"నరసమ్మా, నువ్వు ఎందుకు లెగలేదు?"

అత్త చేతులు ఆగలేదు. "నువ్వు మాటాడేవు గదా పెద్దా."

"నాను సెప్పలేకపోనాను. నీకు తెలిసింది గదా, గంట కొట్టీసినాడని."

"తెలిసింది."

"మరి?"

అత్త చేప కింద పడేసి లేచింది. "మరేటి? పెళ్ళయి ఈ ఇసక మీద కాలెట్టిన కాడి నుంచి, పెద్ద మాటాడినంక ఆడది నోరెత్తకూడదన్నారు. మా అత్త అంది, నా పెనివిటి అన్నాడు, నువ్వు కూడా అన్నావు. ఇన్నేళ్ళు మూయించిన నోరు ఇయ్యాల ఎవుడో సాబు అడిగితే తెరుసుకుంతాదేటి? నీకు తెలవదా, నా ఇసక పోతాదని? నా ఇసక గురించి నానే సెప్పాల గదా!"

తాత తల ఎత్తలేదు. ఎవరూ అత్తని ఊరుకోమనలేదు. ఆమె మాత్రం వెంటనే వంగి మళ్ళీ చేపలు తిరగేయడం మొదలుపెట్టింది, ఎండ పోతోంది కాబట్టి.

మర్నాడంతా ఆగి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు హిందీలో రాశాను. అత్తది అందరికంటే పెద్దది అయింది. వేలిముద్రలు, సంతకాలు పెట్టించి పంపాం. అందాయని కూడా జవాబు రాలేదు. అదే బస్సులో, అదే అడవిలోంచి తిరిగొచ్చాను. తిరుగు బస్సు కూడా పొద్దున్నే కాబట్టి ఏరియల్ బే వైపు నుంచి జీపు ముందురోజే మాట్లాడి పెట్టుకోవాలి.

వర్షాలు తగ్గాక అనుమతి వచ్చింది. స్థానికుల్లో అత్యధికులు వ్యతిరేకించలేదని అందులో ఉందట. ఇప్పుడు ఇసుక మేట చుట్టూ రేకుల కంచె ఉంది. పడవలు బయటి గట్టుకు కట్టుకుంటున్నారు. మొన్నటి గాలివానకు ఒకటి చీలిపోయింది. అత్త రోడ్డు పక్కన టార్పాలిన్ పరిచి ఎండబెడుతోంది. కంపెనీ లారీలు పోయినప్పుడల్లా చేపల మీద గుడ్డ కప్పుతుంది, తీస్తుంది, కప్పుతుంది. బజారులో కొనేవాళ్ళు ముక్క విరిచి, నోట్లో దుమ్ము కరకరలాడిందని పక్కన పెట్టేస్తున్నారు. కిందటి వారం ఫోన్లో, "ఐస్ ప్లాంటులో నాకేదైనా పని ఉంతాదేటే?" అని అడిగింది. ఆ వయసులో ఆ చల్లదనంలో నిలబడడం ఆమె వల్ల కాదని ఇద్దరికీ తెలుసు. చూస్తానన్నాను. బస్తీ మీటింగుల్లో ఇప్పుడు ఎర్రయ్య తాత ఆఖర్న మాట్లాడుతున్నాడట. ముందు ప్రతి ఇంటి నుంచీ ఒకరు లేవాలి, ఆడవాళ్ళయినా సరే. మొదట అత్తనే లేపాడట. ఆ రోజు వాళ్ళు తేల్చుకోవాల్సింది మాత్రం ఒక్కటే, పడవలు ఇంక ఎక్కడ పెట్టుకోవాలని.

డిగ్లీపూర్ గురించి అందమైన మాటలు రాయమని నన్ను అడగకండి. అక్కడి నీళ్ళు నిజంగానే నీలంగా ఉంటాయి. ఇసుక నిజంగానే తెల్లగా ఉంటుంది. కానీ మీరు రేపు గొడుగు కింద కాళ్ళు చాపుకునే చోట ఒకామెకు తిండి ఉండేది. ఆ చోటు ఇవ్వడం ఇష్టమా అని ఆమెను ఒక పూట అడిగినట్టు అడిగారు. జనాన్ని అడిగే పద్ధతులు కొత్తవి పెట్టామని సర్కారు చెప్పుకుంటోంది. అడగడం ఒక్కటే వచ్చింది. ఎలా చెప్పే మనుషులు ఎదురుగా ఉన్నారో తెలుసుకోవడం రాలేదు. మా వైపు తప్పు కూడా ఉంది. అందరి నోరూ ఒకరికి ఇచ్చేసి, దాన్నే బలం అనుకున్నాం. నాకు రెండింటి మీదా కోపం ఉంది, ఏది ఎక్కువో తేల్చుకోలేకపోతున్నాను.

మీ ఊళ్ళో ఇలాంటి సభకు నోటీసు అంటిస్తే, ఒక్క సలహా. ఎవరినీ మీ తరఫున మాట్లాడనివ్వకండి, ఎంత పెద్దవాళ్ళయినా సరే. ఒక్కొక్కరూ లేవండి, పేరు చెప్పండి, ఊరు చెప్పండి, మీ భాషలోనే "నాకు అభ్యంతరం ఉంది" అని మొదటి వాక్యంలోనే అనండి, దండాలు తర్వాత పెట్టుకోవచ్చు. ముందువాళ్ళు చెప్పేశారు కదా అని ఆగొద్దు, చెప్పిందే చెప్పండి. రాసుకునేవాడి కలం మీ పేరు మీద కదలడం కళ్ళారా చూశాకే కూర్చోండి.